కుళ్ళిపోని సరుకు

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో వాళ్ళందరూ నడుం వాల్చారు. జూలై వచ్చినా తిరుపతిలో ఎండ తగ్గలేదు. నేను హాల్లో ఫ్యాన్ కింద కూర్చుని ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటను ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. పాప పుట్టాక పక్కన పెట్టేసిన ఆట. పాత పాస్‌వర్డ్ మొదటిసారికే పనిచేసింది. ఆటలోని నా మనిషి వారోక్ ఊళ్ళో బ్యాంకు దగ్గర, వదిలిన చోటే నిలబడి ఉన్నాడు. ఎంత సంతోషమేసిందో!

స్కూల్ రోజుల్లో కొర్లగుంటలో ఒక నెట్ సెంటర్‌లో ఈ ఆట అలవాటైంది. డౌన్‌లోడ్ గొడవ లేదు, బ్రౌజర్‌లోనే నడిచేది. తర్వాత ఆటను మార్చుకుంటూ పోయారు. పాతదే కావాలని జనం పట్టుబడితే, కేంబ్రిడ్జ్‌లోని జాగెక్స్ కంపెనీ 2007 ఆగస్టు నాటి కాపీని వెలికితీసి 2013లో మళ్ళీ పెట్టింది. పైసా కట్టకుండా ఆడేవాళ్ళకు 2015లో తలుపు తీశారు. నేను తిరిగి దూరింది అప్పుడే.

బ్యాంకు తెరిస్తే అన్నీ భద్రంగా ఉన్నాయి. బొగ్గు, యూ చెట్టు దుంగలు, వండిన లాబ్‌స్టర్లు. ఆ లాబ్‌స్టర్లు ఊరికే రాలేదు. పోర్ట్ సరీమ్‌లో 30 నాణేలిచ్చి పడవెక్కి కరంజా దీవికి పోవాలి. రేవు మీద నిలబడి బుట్ట వేసి ఒక్కొక్కటే పట్టాలి. సంచిలో 28 గళ్ళు. బుట్టకొకటి, డబ్బుకొకటి పోతే మిగిలేవి 26. అవి నిండగానే మళ్ళీ 30 ఇచ్చి పడవెక్కి వెనక్కి రావాలి. వండేటప్పుడు కొన్ని మాడిపోయేవి కూడా. రాత్రిళ్ళు నిద్ర మానుకుని కూడబెట్టిన సరుకు, ఇన్నేళ్ళ తర్వాత కూడా నిన్న వండినట్టే ఉంది.

ముందు బొగ్గు అమ్మకానికి పెట్టాను. ఒకప్పుడు అమ్మాలంటే వారోక్ బ్యాంకు ముందు నిలబడి బొగ్గు, బొగ్గు అని టైప్ చేస్తూనే ఉండాలి. కొనేవాడు ఎంతంటే అంత. ఇప్పుడు ఊరికి వాయవ్యంలో గ్రాండ్ ఎక్స్చేంజ్ అనే అందరి సంత ఉంది. రేటు పట్టుకోవడానికి అందరూ చేసే పని ఒకటుంది: ఒకే ఒక్క బొగ్గును కావాలనే బాగా తక్కువకు పెడతారు. అప్పటికే ఎవరైనా ఎక్కువకు కొంటామని రాసి పెట్టుకుని ఉంటే, ఆ ఎక్కువే మన చేతికొస్తుంది. తక్కువ అడిగారు కదా అని ఎవరూ కోత పెట్టరు. నేను 50 అని పెట్టాను. వేలు తీసేలోపు అమ్ముడుపోయింది, పన్ను పోను మూడంకెలు వచ్చాయి. ఆ పద్ధతి మీద నాకు ఎప్పుడూ గౌరవమే. ఒక్కడే మొత్తం కొనేసి దాచుకోకుండా, నాలుగు గంటలకు ఇన్నే కొనాలని ఒక్కో సరుకుకు ఒక హద్దు కూడా పెట్టారు.

అప్పుడే బంగారుపాళ్యం నుంచి చిన్నాయన ఫోన్. తోతాపురి మామిడి కాయ ట్రాక్టర్‌కెత్తి నిన్న పొద్దున గుజ్జు ఫ్యాక్టరీ కాడికి తోలినాడంట, ఇంకా లైన్లోనే ఉండాదంట. "కాయ మెత్తబడతాండాదిరా అబ్బోడా, ఇంకో దినం ఆగితే పారబోసి రావాల్సిందే" అన్నాడు. రేటెంత చిన్నాయనా అంటే, దించినాక చెప్తారంట. 2025లో ఫ్యాక్టరీలు కిలోకి 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలని చెప్పినప్పుడు కూడా ఆయన పోసిన చోట ఆ 8 పూర్తిగా రాలేదు. మాట్లాడుతున్నంతసేపూ కడుపులో దేవినట్టయింది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అదే ఆలోచన. ఆటలో ఏదీ కుళ్ళదు. నా బొగ్గుకు ఇవాళ రేటు నచ్చకపోతే వచ్చే ఏడాది అమ్ముకుంటాను. కానీ ఏదీ పోకపోతే సరుకు పేరుకుపోతుంది. రోజంతా జనం గనులు తవ్వుతారు, రాక్షసులను చంపుతారు, కొత్త కత్తులు వస్తూనే ఉంటాయి. డబ్బూ అంతే. కవచం మీద మంత్రం వేసి నాణేలుగా మారిస్తే, ఆ నాణేలు ఎవరి జేబులోంచీ వచ్చినవి కావు, అప్పుడే పుట్టినవి. అందుకే 2021 చివర్లో అమ్మకాల మీద 1 శాతం పన్ను పెట్టారు, 2025లో దాన్ని 2 చేశారు. ఆ పన్ను డబ్బులో కొంతతో కంపెనీయే మార్కెట్లో సరుకు కొని ఆటలోంచి చెరిపేస్తుంది. పన్ను పెంచారని గొణిగేవాళ్ళు ఉంటారు గానీ, నాకైతే అది సరైన పనే అనిపిస్తుంది. కష్టపడి తెచ్చినవాడి వస్తువుకు విలువ నిలవాలంటే, మిగులును ఎవరో ఒకరు కొనాలి కదా.

చిన్నాయన కాయకు అంత ఓపిక లేదు. కోసిన కొద్ది రోజులకే దాని గడువు తీరిపోతుంది. ఆ సంగతి కొనేవాడికి బాగా తెలుసు. నేను బొగ్గుకు అడిగిన దానికన్నా ఎక్కువ తీసుకున్న సమయంలోనే ఆయన ఎంతొస్తుందో తెలియకుండా లైన్లో కూర్చున్నాడు. బొగ్గు తవ్వింది బొటనవేలితో. ఆ తోటకు నీళ్ళు పెట్టింది మాత్రం మనిషి.

డబ్బు కట్టేవాళ్ళకే ఉండే సభ్యత్వం కోసం బాండ్ కొందామా అని కూడా చూశాను. ఒకరు అసలు డబ్బుతో కొని అమ్మకానికి పెడితే, ఇంకొకరు ఆట నాణేలతో కొనుక్కుని 14 రోజులు ఆడుకోవచ్చు. ఇప్పుడది కోటి నాణేల పైమాటే. నా దగ్గర అంత లేదు, తొందరా లేదు.

ఏడింటికి చిన్నాయన మళ్ళీ చేశాడు. కాయ దించుకున్నారు, రేటు ఇంకా చెప్పలేదు. ఎల్లుండి రెండో లోడుందంట. సెలవు పెట్టి నేనూ వస్తానన్నాను. తూకం చీటీ మీద రేటు రాయించుకున్నాకే కాయ దించుదాం చిన్నాయనా, రాయకపోతే ఇంకో ఫ్యాక్టరీకి తోలుదాం అంటే, సరే రా అన్నాడు.