గొట్టం ఎటు చూస్తోంది?

టెక్సస్‌లో ఉండే మా తమ్ముడు కొడుకుని కుందేళ్ల వేటకు తీసుకెళ్తాడట, మొదటి తుపాకీగా పాయింట్ 22 (సన్న తూటా) సింగిల్ షాట్ రైఫిల్, అంటే ఒకసారికి ఒకే తూటా పట్టేది కొన్నాడు, వాడికి ఏం నేర్పాలక్కా అని అడిగాడు. నేను హైదరాబాద్‌లో పిల్లలకు ఎయిర్ రైఫిల్ నేర్పుతాను. వేట ఎప్పుడూ ఆడలేదు, మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని ఎటూ ఒప్పుకోదు. కానీ తుపాకీ పట్టిన పిల్లలు ఎలా ఉంటారో తెలుసు.

గురి సరిగ్గా తగిలిందనుకోండి, పిల్లలు ఆ సంతోషంలో "మేడమ్, చూశారా!" అంటూ రైఫిల్ చేతిలో ఉండగానే గిర్రున వెనక్కి తిరుగుతారు, గొట్టం మన పొట్ట మీదికి వస్తుంది. నాకు అన్నిటికంటే భయం ఆ క్షణమే. తూటాలు వాటంతటవే ఎక్కే తుపాకీ అయితే అప్పటికే రెండోది సిద్ధంగా ఉంటుంది. సింగిల్ షాట్‌లో మిగిలేది పేలిన తూటా ఖాళీ తొడుగే, మళ్లీ పేలాలంటే తెరిచి, ఇంకో తూటా చేత్తో పెట్టాలి. అందుకే తమ్ముడు కొన్నది మంచిదే అన్నాను. అయినా కాల్చాక గొట్టం ముందుకే ఉంచి, తెరిచి, కింద పెట్టి, ఆ తర్వాతే మాట్లాడాలని అలవాటు చేయాల్సిందే. మా రేంజ్‌లో ఖాళీ రైఫిల్ గొట్టంలో నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ దూర్చి ఉంచుతాం, లోపల ఏమీ లేదని దూరం నుంచే తెలుస్తుంది.

హ్యామర్, అంటే ట్రిగ్గర్ నొక్కితే పడి తూటాని పేల్చే చిన్న సుత్తి, బయటికి కనిపించే మోడల్ అయితే ఇంకో టెన్షన్. కుందేలు పారిపోయాక ఎక్కుపెట్టిన హ్యామర్‌ని మెల్లగా దించడం చిన్న బొటనవేలికి కష్టం, జారితే పేలొచ్చు. ఆ పని తండ్రే చేయాలి.

మాకు పది మీటర్ల దూరంలో గోడ ఉంది. పొలంలో గోడ ఎవరు కడతారు? పాయింట్ 22 తూటా మైలు దాటి కూడా పోతుంది, రాయికో నీళ్లకో తగిలి పక్కకి ఎగురుతుంది. గుట్ట అంచున, వెనక ఆకాశం తప్ప ఏమీ లేని కుందేలుని వదిలేయాలి. ముందు తుపాకీ లేకుండా వాడిని పొలంలో తిప్పు, ఒక్కోచోట ఆగి "ఇక్కడ కాల్చొచ్చా?" అని అడుగు, వద్దంటే ఎందుకు వద్దో వాడి నోటితోనే చెప్పించు అన్నాను.

గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే, అది చూసి మన ఊళ్లో పిల్లలు నేర్చుకుంటామంటే నాకు ఆనందం. పుట్టినరోజుకి ఎయిర్‌గన్ కొనిచ్చి డాబా మీద పక్షుల్ని కొట్టనిచ్చే తల్లిదండ్రుల్ని చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది, ఎదురింటి బాల్కనీలో ఎవరున్నారో ఆ పిల్లాడికేం తెలుసు?

కళ్లకు రక్షణ అద్దాలు, చప్పుడు తగ్గించడానికి చెవులకు మఫ్స్ ఎలాగూ ఉండాలి. రైఫిల్ మడమ, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, పొడవు పిల్లాడి చేతికి సరిపోయిందో లేదో మాత్రం తమ్ముడు ఇంకా చూడలేదట, పెద్దదైతే కోయించమన్నాను, అప్పటిదాకా వేట వద్దన్నాను.