సిగార్‌కూ తేమ లెక్కే

మిర్యాలగూడలో నేను పనిచేసే రైస్ మిల్లుకు వడ్ల లోడు వస్తే ముందు చూసేది నేనే. గుప్పెడు వడ్లు తీసి అరచేతిలో నలుపుతాను, ఒక గింజ పంటి కింద కొరుకుతాను, ఆ తర్వాత మాయిశ్చర్ మిషన్‌లో పోస్తాను. కోత మిషన్ నుంచి నేరుగా వచ్చిన పచ్చి వడ్లది ఒక లెక్క, కల్లంలో ఆరబోసి తెచ్చిన వాటిది ఇంకో లెక్క. సర్కారు కొనుగోలు కేంద్రాల్లో అయితే 17 శాతం లోపు ఉండాలి. నిల్వ పెట్టాలంటే 14 దాటొద్దు. ఏళ్ల తరబడి ఇదే పని కావడంతో ఏ ఎండు సరుకు చేతికి వచ్చినా ముందు దాని తేమ మీదికే మనసు పోతుంది.

ఈ మధ్య రకరకాల సిగార్లు రుచి చూస్తున్నాను. దేశాన్ని బట్టి, సైజును బట్టి, పై ఆకు రంగును బట్టి రుచి మారుతుందని అందరూ చెప్తారు. అది నిజమే. కానీ కొత్తగా మొదలుపెట్టినవాడి నాలుకకు అన్నిటికంటే ముందు తగిలేది తేమ తేడా. ఆ మాట ఎవరూ మొదట చెప్పరు.

నాకు ఇవి పరిచయం చేసింది మా బావ. డల్లాస్‌లో ఉంటాడు, వచ్చినప్పుడల్లా నాలుగైదు రకాలు తెస్తాడు. తాగడం నేర్పింది కూడా ఆయనే. మూసి ఉన్న కొసను ఒకటి రెండు మిల్లీమీటర్లే కోయాలి. లోపలికి కోస్తే పై ఆకు విడిపోతుంది. పెట్రోలు లైటర్ వాడొద్దు, ఆ వాసన పొగలోకి వస్తుంది. అగ్గిపుల్ల గీస్తే మందు పూర్తిగా కాలి కట్టె మండేదాకా ఆగాలి. మంట మీద పెట్టకుండా, కొంచెం ఎడంగా పట్టుకుని తిప్పుతూ అంచు అంతా సమానంగా ఎర్రబడేలా కాచాలి. "పొగ మింగకు బామ్మర్దీ, నోట్లనే ఉంచి ఇడిచిపెట్టు. నిమిషానికి ఒక్క దమ్ము చాలు" అన్నాడు. ఈ ఒక్క దమ్ము మాట చాలా విలువైనది. తొందరపడితే కొన వేడెక్కి, ఎంత మంచి ఆకైనా చేదెక్కుతుంది.

మొదట ఇచ్చింది లేత గోధుమరంగు కనెటికట్ ఆకు చుట్టిన రొబస్టో. రొబస్టో అంటే 5 అంగుళాల పొడవు, 50 రింగ్. ఈ రింగ్ అనేది అంగుళాన్ని 64 భాగాలు చేసిన లెక్క, కాబట్టి మందం దాదాపు 20 మిల్లీమీటర్లు. సిగార్‌లో మూడు పొరలుంటాయి. లోపల నింపుడు ఆకు, దాన్ని పట్టి ఉంచే ఆకు, పైన అందంగా కనిపించే ఆకు. అమెరికాలోని కనెటికట్ నది లోయలో ఈ పై ఆకును గుడ్డ పందిళ్ల కింద, ఎండ నేరుగా తగలకుండా పెంచుతారు. అందుకే అంత పల్చగా, నునుపుగా ఉంటుంది. ఇదే జాతి ఆకు ఈక్వడార్‌లోనూ పండుతుంది, అక్కడ మబ్బులే పందిరి. పొగ మెత్తగా ఉంది. నాకు ఎండుగడ్డి వాసన, వేయించిన పల్లీల రుచి తెలిశాయి. పాలమూరు పల్లీలు తిని పెరిగినవాణ్ని కాబట్టి ఆ రుచి ఇట్టే పట్టేశాను. సగం దాటాక కొంచెం మిరియం ఘాటు వచ్చింది. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదే రకం.

తర్వాత క్యూబాది, మాంటెక్రిస్టో నంబర్ 4. చిన్నది, 42 రింగ్, 129 మిల్లీమీటర్ల పొడవు. 1935లో హవానాలో పుట్టిన పేరు. క్యూబాలో మేలైన పొగాకు పండేది పడమటి కొసన పినార్ డెల్ రియోలోని వుయెల్టా అబాహో ప్రాంతంలో. అక్కడి ఎర్రనేల ఫొటోలు చూస్తే అచ్చం మన చెల్కల్లాగే కనిపించి ముచ్చటేసింది. రుచికి వస్తే, కనెటికట్‌లోని మెత్తదనం ఇందులో లేదు. మట్టి వాసన, చక్కెర లేని కోకో చేదు, నాలుక చివర చిన్న పులుపు. మొదటి సగం నాకు పెద్దగా నచ్చలేదు. రెండో సగంలో ఆ చేదూ పులుపూ ఒకదానితో ఒకటి కుదురుకున్నాయి, అప్పుడు ఆపబుద్ధి కాలేదు.

1959లో క్యూబాలో విప్లవం వచ్చింది, మరుసటి ఏడు ప్రభుత్వం సిగార్ ఫ్యాక్టరీలను తీసేసుకుంది. 1962లో అమెరికా క్యూబా సరుకును పూర్తిగా నిషేధించింది. తరాలుగా పొగాకు మీదే బతికిన కుటుంబాలు కొన్ని డొమినికన్ రిపబ్లిక్, నికరాగువా, హోండూరస్ వెళ్లి అక్కడ క్యూబా విత్తనం వేశాయి. విత్తనం అదే, నేల మారింది, రుచి మారిపోయింది. బీపీటీ వడ్లు ఆయకట్టు కింద ఒక తీరు, బోరు కింద ఒక తీరు దిగడం రోజూ చూసేవాణ్ని, నాకు దీన్ని నమ్మడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

నికరాగువాలో ఎస్తెలీ చుట్టుపక్కల అగ్నిపర్వతాల నేల. అక్కడి సిగార్ ఘాటుగా ఉంటుంది. మొదటి దమ్ముకే మిరియం ముక్కులోకి ఎక్కుతుంది, ఆ తర్వాత నెమ్మదిగా ఒక తీపి దిగుతుంది. ఇది ఖాళీ కడుపుతో ముట్టుకునే సరుకు కాదు. మా మిల్లు గుమస్తా పొద్దున టిఫిన్ చేయకుండా ఒకటి సగం తాగాడు. ఒళ్లంతా చెమటలు, తల తిరుగుడు, వాంతి వచ్చినట్టు అయింది. పొగ మింగకపోయినా నికోటిన్ నోటి చర్మం నుంచే ఒంట్లోకి పోతుంది. చక్కెర నీళ్లు తాగించి పడుకోబెడితే తేరుకున్నాడు.

ఈ మాట వచ్చింది కాబట్టి చెప్పాల్సింది ఇక్కడే చెప్తాను. మింగట్లేదు కదా అని సిగార్ క్షేమమనుకోవద్దు. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు దీనితోనూ వస్తాయి. పెద్ద సిగార్ ఒకదానిలో ఒక సిగరెట్ పాకెట్‌కు సరిపడా పొగాకు ఉండొచ్చు. నేను పండగకో, బావ వచ్చినప్పుడో తప్ప ముట్టను. డాబా మీదే, పిల్లలు కింద పడుకున్నాకే. అలవాటు లేనివాళ్లు దీనికోసం మొదలుపెట్టనే వద్దు.

నల్లటి మదూరో ఆకు సిగార్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, దాని వెనకున్న పని నన్ను కట్టిపడేసింది. కోసిన ఆకును కొట్టాల్లో వేలాడదీసి ఆరబెడతారు. తర్వాత కొంచెం తేమతోనే కట్టలు కట్టి మనిషెత్తు రాశులు పేరుస్తారు. లోపల తనంతట తానే వేడి పుడుతుంది. మిల్లులో పచ్చి వడ్లు రాశి పోసి వదిలేస్తే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది చూడండి, అలాగే. మాకు అది నష్టం, గింజ రంగు మారి ముక్కిపోతుంది. వాళ్లకు అదే అసలు పని. రాశిలో థర్మామీటర్ పెట్టి చూస్తూ, వేడి హద్దుకు చేరగానే రాశి విప్పి, లోపలి కట్టలు బయటికి, బయటివి లోపలికి తిప్పి మళ్లీ పేరుస్తారు. ఆకులోని అమ్మోనియా వాసన అలా నెలల మీద పోతుంది, మొరటుదనం తగ్గుతుంది. మదూరో ఆకును ఎక్కువ వేడిలో, ఎక్కువ కాలం మాగబెడతారు. అందుకే ఆ నలుపు. పొగలో డికాషన్ చేదు, వెనకాలే బెల్లం కొద్దిగా మాడితే వచ్చే తీపి. నేను రుచి చూసిన వాటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇక తేమ సంగతి. బావ ఒకే పెట్టెలోంచి రెండు నికరాగువా సిగార్లు ఇచ్చాడు. ఒకదాన్ని గాలి చొరబడని డబ్బాలో, లోపలి గాలి తేమను 69 శాతం దగ్గర నిలిపే పాకెట్‌తో ఉంచాను. రెండోదాన్ని కావాలనే ఏప్రిల్‌లో అల్మారాలో విడిగా పెట్టాను. కొన్ని రోజులకు విడిగా ఉన్నది వేళ్ల మధ్య నొక్కితే కరకరలాడింది, పై ఆకు అంచు దగ్గర పొట్టులాగా లేచింది. ముట్టిస్తే గబగబా కాలిపోయింది. పొగ వేడిగా, నాలుక మంటెక్కేలా ఉంది. మిరియం తప్ప ఇంకో రుచే లేదు. డబ్బాలోది నొక్కితే కొంచెం లోపలికి పోయి మళ్లీ పైకి లేచింది. బూడిద అంగుళం దాకా రాలకుండా నిలిచింది. ఆ తీపి దీంట్లోనే దొరికింది. రెంటినీ కళ్లకు గంతలు కట్టి ఇస్తే ఒకే కంపెనీవి అని నేను చెప్పలేను. మరీ తడైతే ఇంకో తిప్పలు: దమ్ము లాగితే రాదు, మాటిమాటికి ఆరిపోతుంది, పొగ పుల్లగా ఉంటుంది.

సిగార్ ఉంచే చోట గాలిలో తేమ 65 నుంచి 70 శాతం మధ్య ఉండాలి. వడ్ల 17తో దీన్ని కలపొద్దు. అది గింజ బరువులో నీళ్ల పాలు, ఇది గాలి లెక్క. మే నెల మధ్యాహ్నం మా ఇంట్లో గాలి తేమ చూపే మీటరు 30 దగ్గర తిరుగుతుంది, వానాకాలం ముసురు పట్టిందంటే 80 దాటుతుంది. ఏ కాలంలోనూ విడిగా ఉంచే వీల్లేదు. సిగార్లు దాచే దేవదారు చెక్క పెట్టె కొనాల్సిన పని లేదు, వంటింట్లో వాడే గట్టి మూత ప్లాస్టిక్ డబ్బా బాగా పనిచేస్తుంది. తేమ మీటరును మాత్రం పరీక్షించుకోండి. సీసా మూతలో ఉప్పు పోసి, కొన్ని చుక్కల నీళ్లతో ముద్దలా తడపండి, కరిగిపోకూడదు. ఆ మూతనూ మీటరునూ జిప్ కవర్‌లో పెట్టి ఒక రోజు వదిలేయండి. తడి ఉప్పు ఉన్నచోట గాలి తేమ 75 దగ్గర నిలబడుతుంది. మీటరు 71 చూపిస్తే అది 4 తక్కువ చూపిస్తోందని అర్థం. మిల్లులో మిషన్ కూడా సరిచూడకుండా నేను ఏ అంకెనూ నమ్మను.

వేడి కూడా చూసుకోవాలి. పసుపు కొమ్ములకు, మసాలా దినుసులకు పట్టే చిన్న గోధుమరంగు పురుగే పొగాకునూ తింటుంది, సిగరెట్ బీటిల్ అంటారు. 25 డిగ్రీలు దాటితే గుడ్లు పగిలి పురుగులు బయటికి వచ్చే ప్రమాదం పెరుగుతుంది. సిగార్ మీద గుండుసూది గుచ్చినట్టు బొక్క కనిపిస్తే వెంటనే దాన్ని వేరు చేయండి. మన ఎండాకాలంలో డబ్బా ఉండాల్సింది ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో, నేల మీద.

తిరుచ్చి చుట్ట కూడా తెప్పించుకున్నాను. రెండు కొసలూ తెరిచే ఉంటాయి, కోసే పని లేదు. మొరటు పొగ, గొంతు పట్టుకుంటుంది, కానీ రుచిలో దాపరికం ఏమీ ఉండదు, మొదటి నుంచి చివరి దాకా ఒకే రుచి. మా తాత మోదుగాకులో పొగాకు చుట్టుకుని తాగేవాడు. పొద్దున పొలానికి పోయేముందు ఆ ఆకుల మీద నాలుగు నీళ్ల చుక్కలు చల్లి, తడిగుడ్డలో చుట్టి నడుముకు కట్టుకునేవాడు. ఎండిన ఆకు పగులుతుందని ఆయనకు ఏ మీటరూ చెప్పలేదు. ఇక చూడాల్సింది గోదావరి లంక పొగాకు చుట్ట. వచ్చే నెల రాజమండ్రి వైపు బియ్యం లోడు పోతుంది. డ్రైవర్‌కు ముందే చెప్పి పెట్టాను, డబ్బా కూడా ఇచ్చి పంపుతాను.