పానీయంబులు ద్రావుచున్: ఎండాకాలంలో ప్రహ్లాదుడి పద్యం

నృసింహ జయంతి వైశాఖ శుద్ధ చతుర్దశి నాడు, ఎండలు మండిపోయే రోజుల్లో వస్తుంది. ఆ రోజు ఏ గుడిలో విన్నా, ఏ ఇంట్లో విన్నా "ఇందుగలడందు లేడని సందేహము వలదు" పద్యమే వినిపిస్తుంది. ఆ ప్రహ్లాద చరిత్రలోనే, దానికి చాలా ముందు, పోతన్న ఇంకో పద్యం రాశాడు. అందులో స్తంభం పగలడం లేదు, స్వామి గర్జన లేదు. తండ్రికి ఇంకా కోపమే రాలేదు. ఆ పిల్లవాడు రోజంతా ఎట్లా ఉండేవాడో నారదుడు ధర్మరాజుకు చెబుతున్నాడు, అంతే. ఎండాకాలం మొదలైతే చాలు, నా నాలుక మీద ఈ పద్యమే ఆడుతుంది.

పానీయంబులు ద్రావుచుం గుడుచుచున్ భాషించుచున్ హాసలీ
లా నిద్రాదులు సేయుచుం దిరుగుచున్ లక్షించుచున్ సంతత
శ్రీనారాయణ పాదపద్మయుగళీ చింతామృతాస్వాద సం
ధానుండై మఱచెన్ సురారిసుతుఁ డేతద్విశ్వమున్ భూవరా!

నీళ్ళు తాగుతూ, అన్నం తింటూ, మాట్లాడుతూ, నవ్వుతూ, ఆడుతూ, నిద్రపోతూ, తిరుగుతూ, చూస్తూ కూడా ఆ రాక్షసరాజు కొడుకు ఎప్పుడూ నారాయణుడి పాదాల తలపులోనే ఉండి, ఆ రుచిలో ఈ లోకాన్ని మరిచిపోయాడట.

ఈ పద్యంలో పూజ లేదు. పువ్వు లేదు, దీపం లేదు, ఉపవాసం లేదు. ఉన్నవన్నీ ఇంట్లో పొద్దున్నుంచి రాత్రిదాకా జరిగే పనులే. "ఈ ఎండాకాలం ఒక్కరోజు కూడా దేవుడి ముందు కుదురుగా కూర్చోలేదు వదినా" అని మా ఆడబిడ్డ మొన్న బాధపడింది. ఆమె మాట నిజమే. మిర్యాలగూడ దగ్గరి మా ఊళ్ళో సాగర్ ఎడమ కాల్వ కింద యాసంగి వరి కోతలు, కొనుగోలు కేంద్రంలో వడ్ల కుప్పలు, వారానికి రెండు పెళ్ళిళ్ళు, సెలవులకు వచ్చిన పిల్లలు, మామిడికాయ తొక్కు పెట్టడం, అన్నీ ఒక్కసారే మీద పడతాయి. కానీ ప్రహ్లాదుడు కుదురుగా కూర్చున్నాడని ఈ పద్యంలో నారదుడు చెప్పలేదే! తిరుగుతూనే ఉన్నాడంటున్నాడు.

మొదటి మాట నీళ్ళు. దీనికి మూలమైన వ్యాసుల వారి సంస్కృత భాగవత శ్లోకంలో కూర్చోవడం, తిరగడం, తినడం, పడుకోవడం అయ్యాక గానీ తాగడం రాదు. పోతన్న దాన్ని ముందుకు తెచ్చాడు. ప్రాస కోసం అట్లా వచ్చిందని పండితులంటే నేను కాదనను. అయితే నల్గొండ జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళు ఈ పద్యాన్ని ఆ మాట దగ్గర ఆగకుండా చదవలేరు. మా అత్తమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఆ వైపు ఎన్నో బోర్లలో అంతకు రెట్టింపు, మూడింతలు ఉండేది. ఆ నీళ్ళకు పళ్ళ మీద చారలు పడ్డవాళ్ళు, కాళ్ళు వంకర పోయినవాళ్ళు, నలభై ఏళ్ళకే నడుము వంగినవాళ్ళు అక్కడ ఇంటింటా ఉండేవారు. పటిక, సున్నం కలిపి నీళ్ళను బాగుచేసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని మా జిల్లా పేరే పెట్టారు. అంత కష్టం చూసిన నేల ఇది. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. అయినా అత్తమ్మ గ్లాసు చేతిలోకి తీసుకుని నీళ్ళను ఒకసారి చూస్తుంది. "నర్సింహా" అంటుంది. తర్వాతే తాగుతుంది. ఎవరో నేర్పిన నియమం కాదది. మంచినీళ్ళు దొరకని రోజుల నుంచి వచ్చిన అలవాటు.

వైశాఖానికి మాధవ మాసమని పేరు. ఈ నెలలో నీళ్ళు ఇవ్వడాన్ని మించిన దానం లేదని పెద్దలంటారు. మా బస్టాండు దగ్గర వేపచెట్టు కింద చలివేంద్రం పెడతారు. కుండల కింద ఇసుక పోసి తడుపుతారు, చుట్టూ తడి గోనె చుడతారు. సెలవుల్లో పొద్దున ఆ కుండలు నింపే పని మా పిల్లలదీ, వాళ్ళ బావలదీ. బిందెలో సగం వాళ్ళ మీదే పోసుకుంటారు, సగం కుండల్లో పడతాయి. పెద్దవాళ్ళు తిడుతుంటే నేను అడ్డం పోతాను. దాహం తీర్చే పని నవ్వుతూ చేస్తే తప్పేముంది?

ఆ నవ్వు సంగతి కూడా చెప్పాలి. మూల శ్లోకంలో నవ్వు లేదు, చూడడం లేదు. ఈ రెండూ పోతన్న కలిపినవి. భక్తుడంటే ముఖం ముడుచుకుని, కళ్ళు మూసుకుని ఉంటాడని అనుకునేవాళ్ళకు ఆ రెండు మాటలు చాలు. ప్రహ్లాదుడు నవ్వాడు, ఆడాడు. గురువులు చండామార్కులు ఇంటి పనుల మీద పోయినప్పుడు తోటి పిల్లలు ఆటకు పిలిస్తే, వాళ్ళను దగ్గర కూర్చోబెట్టుకుని నవ్వుతూనే నారాయణుడి మాట చెప్పాడు. అయ్యవారు లేని వేళ, ఆటల వేళ అది. మా పిల్లలకు ఇదంతా చెబితే "అంటే ప్రహ్లాదుడు సెలవుల్లనే చెప్పిండా?" అని అడిగారు. అవునన్నాను.

ఇక కుడుచుట. మా ఇంట్లో ఎండాకాలపు తిండి గురించి రాస్తే పేజీలు చాలవు. పొద్దున అంబలి, మధ్యాహ్నం సల్ల, సాయంత్రం తాటి ముంజలు. ముంజ పైన పలచని పొట్టు తీసి, బొటనవేలితో పొడిచి, లోపలి నీళ్ళు ముఖం మీద చిమ్మకుండా నోటికి అందించుకోవడం మా ఆడబిడ్డ కొడుక్కు ఈసారి వచ్చింది. ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. తొక్కు పెట్టే రోజైతే ఇల్లంతా ఒక్కచోటే ఉంటుంది. టెంకె ముదిరిన పుల్లటి కాయలు తెచ్చి, కడిగి, బట్ట మీద ఆరబెట్టి, ముక్కలు కొట్టించి, ఒక్కో ముక్కకు లోపలి పొర గీకి తుడుస్తాం. ఉప్పు, కారం, ఆవపొడి, మెంతిపొడి పట్టించాక, అల్లం వెల్లుల్లి ముద్ద కలపకముందే, అత్తమ్మ ఒక్క ముక్క తీసి చిన్న గిన్నెలో స్వామి పటం ముందు పెడుతుంది. ఆ తర్వాతే నూనె, వెల్లుల్లి. అంతా జాడీలోకి ఎత్తి, గుడ్డ కట్టి పక్కన పెట్టాక, బేసిన్‌కు అంటిన కారంలో వేడి అన్నం వేసి కలిపి అందరికీ తలా ఒక ముద్ద పెడుతుంది. పిల్లలు చేతులు చాపి వరుసగా నిలబడతారు, పెద్దవాళ్ళు కూడా ఏదో ఒక వంకతో అక్కడికే వస్తారు. ఏడాది మొత్తంలో నాకు అంతకన్నా రుచైన ముద్ద ఇంకోటి లేదు. స్వామి ముందు పెట్టిన ముక్కకూ ఈ ముద్దకూ మధ్య తేడా ఎక్కడుందో నాకు ఎప్పుడూ కనపడలేదు.

మాటల దగ్గరికి వస్తే, మా ఇంట్లో ఈ నెలంతా ఒకటే మాట: వడ్లు. కేంద్రంలో తేమ 17 శాతం లోపు ఉంటేనే కాంటా పెడతారు. కుప్ప ఆరబోసి, నేర్పి, తాలు తూర్పారబట్టి, సంచుల కోసం, లారీ కోసం చూస్తూ మా ఆయన రాత్రిళ్ళు కుప్ప పక్కనే పడుకుంటారు. రాత్రి పదింటికి ఆకాశం మెరిసిందంటే ఇంట్లో అందరికీ టెన్షన్. "పట్టాలు కప్పినవా? అంచుల మీద రాళ్ళు పెట్టినవా?" అని మామయ్య ఫోన్ మీద ఫోన్. మొదటి చినుకు పడగానే మా ఆయన నోట వచ్చేది కూడా "నర్సింహా" అనే మాటే. అత్తమ్మ గ్లాసు పట్టుకుని అనేదీ అదే పేరు.

ఈ రెండు పిలుపుల గురించి నేను చాలా ఆలోచించాను. వానకు భయపడి పిలిస్తే స్వామి పలకడని అనను. గజేంద్రుడు పిలిచింది మొసలి పట్టుకున్నప్పుడే కదా. ఆపదలో దేవుణ్ణి తలచుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు, దానంతట అదే వస్తుంది. ఈ పద్యం చెప్పేది దానికంటే కష్టమైన సంగతి. దీనిలో ఒక్క ఆపద లేదు చూడండి. చల్లటి నీళ్ళు, అన్నం, కబుర్లు, నవ్వులు, నిద్ర, తిరుగుడు, అన్నీ హాయిగా ఉండే పనులే. కడుపు నిండి, మనసు తేలికగా ఉన్నప్పుడు, ఎవరినీ ఏమీ అడిగే అవసరం లేనప్పుడు కూడా ప్రహ్లాదుడికి ఆయన గుర్తున్నాడు. తర్వాత పాములతో కరిపించినా, ఏనుగులతో తొక్కించినా ఆ పిల్లవాడు చలించలేదంటే, కష్టం వచ్చాక కొత్తగా నేర్చుకున్న ధైర్యం కాదది. నీళ్ళు తాగేటప్పుడే అలవాటైన తలపు. చిన్న చిన్న సుఖాలు భక్తికి అడ్డమని నేను చదివిన చోటల్లా నాకు ఈ పద్యం గుర్తుకొస్తుంది.

మరి లోకాన్ని మరిచాడు అన్నాడు కదా, మనం మరిస్తే ఎట్లా నడుస్తుంది? మా ఆడబిడ్డ అడిగింది కూడా అదే. మరిస్తే పట్టాలు ఎవరు కప్పాలె, పిల్లలకు అన్నం ఎవరు పెట్టాలె? ఆ ప్రశ్నకు అత్తమ్మ పద్యం అర్థం చెప్పలేదు, తన చిన్నతనం చెప్పింది. వాళ్ళ ఊళ్ళో బోరు నీళ్ళు తాగడానికి పనికిరాక, ఊరి బయట చాలా దూరంలో ఉన్న మంచినీళ్ళ బావికి ఆడపిల్లలంతా కలిసి పోయేవారట. నెత్తి మీద ఒకటి, చంకలో ఒకటి. దారంతా ముచ్చట్లే, పాటలే, ఒకరినొకరు ఎగతాళి చేసుకోవడమే.

"గన్ని మాటలు మాట్లాడినా నెత్తి మీది బిందె యాదిలనే ఉంటుండె బిడ్డా. తొణికితే మల్ల అంత దూరం పోవాలె. ఎట్ల మరుస్తం?" అంది.

మాటలు ఆగలేదు, నడక ఆగలేదు, నవ్వు ఆగలేదు, బిందె తొణకలేదు. ప్రహ్లాదుడి మరపు కూడా అటువంటిదేనని నాకు అనిపిస్తుంది. కళ్ళ ముందున్నది కనపడకపోవడం కాదది. అన్నీ కనపడుతూనే, లోపల ఒకటి మాత్రం కదలకుండా ఉండడం. అత్తమ్మకు నీళ్ళు అంత విలువైనవి కాబట్టి గుర్తున్నాయి. ప్రహ్లాదుడికి నారాయణుడు అంతే విలువైనవాడు. నాకు ఆ గుర్తు రోజులో కొన్నిసార్లయినా ఉండాలని కోరుకుంటున్నాను.

కాంటా అయిన మరునాడు అందరం వాడపల్లి వెళ్ళాం. కృష్ణలో మూసీ కలిసే చోటు. అక్కడి లక్ష్మీనరసింహస్వామి గర్భాలయంలో రెండు దీపాలు చూపిస్తారు. కిందిది నిలకడగా వెలుగుతుంది. స్వామి ముఖం ఎత్తులో ఉన్నది మాత్రం రెపరెపలాడుతూనే ఉంటుంది. స్వామి ఊపిరి తగులుతోందని భక్తుల నమ్మకం. లోపల ఉక్కగా ఉంది, చెమటలు కారుతున్నాయి, వెనక క్యూలో తోపులాట. మా చిన్నది ఆ పై దీపాన్ని కళ్ళార్పకుండా చూసి, "అమ్మా, స్వామి నిద్రపోతుండా?" అని చెవిలో అడిగింది. లక్షించుచున్ అనే మాటకు ఆ చూపే నాకు అర్థం. పెద్దవాళ్ళం మేము దండం పెట్టి కోరికలు చెప్పుకుంటుంటే, అది కేవలం చూసింది.

జయంతి నాడు స్వామి వచ్చిన వేళ సంధ్య. పగలూ కాదు, రాత్రీ కాదు. చోటు గడప. లోపలా కాదు, బయటా కాదు. ఎండాకాలంలో మా ఊళ్ళో సరిగ్గా ఆ వేళకు అందరూ ఉండేది అక్కడే. పగలంతా కాగిన ఇంట్లో కూర్చోలేం. వాకిట్లో నీళ్ళు చల్లుకుని, ఆ మట్టి వాసనలో గడప మీదా అరుగు మీదా చేరతాం. ఒకరు మల్లెలు కడతారు, ఒకరు బియ్యం ఏరతారు, మామయ్య రేడియో పెడతాడు, పిల్లలు మిద్దె మీద పక్కలు ఎవరివి ఎక్కడో కొట్లాడుకుంటారు. హిరణ్యకశిపుడి వరంలో ఆ వేళకూ ఆ చోటుకూ వేరే లెక్క ఉంది నిజమే. కానీ ఇల్లిల్లూ పని దించుకుని గడప దగ్గరికి చేరే వేళనే స్వామి ఎంచుకున్నాడని తలచుకుంటే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

ఈసారి జయంతికి మా ఇంట్లో పెద్ద ఏర్పాటేమీ లేదు. అత్తమ్మ, నేను సాయంత్రందాకా ఉపవాసం. పిల్లలకు బత్తాయిలు, ముంజలు. సంధ్యవేళ బెల్లం, మిరియాలు, శొంఠి, యాలకులతో పానకం, నానబెట్టిన పెసరపప్పుతో వడపప్పు. పానకం రెండు బిందెలు కలుపుతాం, ఒకటి ఇంటికి, ఒకటి చలివేంద్రానికి. ఆ గడప దగ్గరే నలుగురు పిల్లలూ ఈ పద్యం చదవాలని ఒప్పందం. మొదటి రెండు పాదాలు నోటికి వచ్చేశాయి. మూడో పాదంలో "చింతామృతాస్వాద" దగ్గర చిన్నవాళ్ళిద్దరూ ఆగిపోతున్నారు. "రోజూ నీళ్ళు తాగేముందు ఒక్కసారి చదువుండ్రి, అదే వస్తది" అని అత్తమ్మ చెప్పింది. నిన్నటి నుంచి రంజన్ కుండ దగ్గర గ్లాసు పట్టుకుని అదే చదువుతున్నారు.