గద్దల ఎంబడి కోయిల్‌సాగర్, జూరాల

సంక్రాంతి సెలవులకు మహబూబ్‌నగర్ పోయిన. ఇంట్ల అందరు సకినాలు చుట్టుకుంట కూసుంటే నేనూ మా బావ పొద్దుగాల అయిదింటికే బైక్ తీసినం, కోయిల్‌సాగర్ పోనీకి. డ్యామ్ చూడనీకి కాదు, చలికాలం ఆడికొచ్చే గద్దలను ఎగుర్తుంటే ఫోటో తీయనీకి. కూసున్న గద్దల ఫోటోలు నా దగ్గర వందలున్నయి, కరెంటు స్తంభం మీద గద్ద, తుమ్మచెట్టు మీద గద్ద, అన్నీ ఆధార్ కార్డు ఫోటోల్లెక్క ఉంటయి. ఎగిరేటివి మాత్రం ఒక్కటి సక్కగ లేదు. రెక్క వస్తే తల రాదు, తల వస్తే ఫోకస్ ఉండదు, రెండూ వచ్చినయి అనుకుంటే అది నాకు వీపు చూపెట్టి పోతుంటది.

సెకండ్ హ్యాండ్‌ల కొన్న, దూరంది దగ్గరగ చూపెట్టే 150-600 లెన్స్‌ను అమ్మ శాలువల చుట్టి ఒళ్లె పెట్టుకొని ఎనక కూసున్న. "దీనికి పెట్టిన పైసలకు బర్రె కొన్నా పాలన్న ఇస్తుండె" అని బావ దేవరకద్ర దాక అంటనే ఉన్నడు. దేవరకద్రల చాయ్ తాగి లోపలి రోడ్డుకు మళ్లినంక పల్లి చేన్ల పక్కన వైరు మీద ఒక నల్లరెక్కల గద్ద దొరికింది. కాకి కంటే చిన్నది, బూడిద రంగు ఒళ్లు, భుజాల మీద నలుపు, కండ్లు ఎర్రగ నిప్పుల్లెక్క. ఎలుక కనబడంగనే లేచి గాల్ల ఒక్క జాగల నిలబడింది, రెక్కలు ఒకటే కొట్టుకుంటున్నయి గాని తల మాత్రం దారం కట్టి ఏలాడదీసినట్టు ఒక్క ఇంచు కదల్తలేదు. కోడిపిల్లలను ఎత్కపోతదని గద్ద అంటేనే తిడ్తరు మనోళ్లు, పాపం ఇదైతే ఎలుకలు మిడతలు తిని రైతుకే కూలి లేకుంట పని చేస్తది.

అప్పుడే చేనాయన వచ్చిండు. ట్రైపాడ్ చూసి "సర్వేనా? కాల్వకా, రోడ్డుకా?" అన్నడు, మొఖం మీద నవ్వు లేదు. పిట్టలకు పెద్దాయనా అన్న. "పిట్టలకు గూడ సర్వే పెట్టిన్రా!" అని నవ్వి, తలకు రుమాలు సక్కగ చుట్టుకొని "అయితే నాదొకటి దియ్యి" అన్నడు. ఇంకా వెలుగు సరిగ్గ రాలేదు, అందుకని షట్టర్ స్పీడ్, అంటే కెమెరా కన్ను తెరిచుండే సేపు, సెకనుల 1/2500 వంతు నుంచి 1/160కి దించి తీసిన. ఎక్కువ సేపు తెరిచుంటే వెలుగు ఎక్కువొస్తది గాని కదిలేది గీతల్లెక్క వస్తది. ఈ మాట గుర్తుపెట్టుకోండ్రి, ముందుకు పనికొస్తది.

కోయిల్‌సాగర్ నిజాం కాలంల పెద్దవాగు మీద కట్టింది. ఇప్పుడైతే కృష్ణ మీది జూరాల డ్యామ్ నీళ్లు గూడ లిఫ్ట్‌తోని దీంట్లకు తెచ్చి పోస్తరు. నీళ్లల్ల మునిగిన ఒక మోడు చెట్టు మీద ఆస్ప్రే కూసుంది, చేపల గద్ద. తెల్ల కడుపు, కంటి మీదికెళ్లి నల్ల పట్టె, దొంగకు గంతలు కట్టినట్టు. ఇది ఉత్తరాన చలి దేశాలల్ల పిల్లల్ని చేసి చలికాలం మన చెరువులకు వస్తది. కట్ట మీద కూసొని గంటన్నర చూసినం. తొమ్మిదిన్నరకు నేల వేడెక్కి ఆ వేడిగాలి మీద మిగతా గద్దలు రెక్కలు ఆడియ్యకుంటనే సుట్లు తిరుగుడు మొదలుపెట్టినయి, ఇది మాత్రం లేస్తలేదు. నేను సకినం నోట్ల పెట్టుకున్నప్పుడే లేచింది, ఎక్కడ్నో పైకెళ్లి కాళ్లు ముందుకు చాపి దబ్బున నీళ్లల్ల పడ్డది, చేపతోని లేచి అటే పోయింది. 23 ఫోటోలు కొట్టిన. స్క్రీన్ చూస్తే అన్నిట్ల గోడకు సున్నం పూసినట్టు గీతలే. 1/160! చేనాయన ఫోటో తీసినంక మార్సుడే మర్చిపోయిన. సరే మార్చినా ఏం లాభం, అన్నిట్ల తోకనే ఉంది.

బావ నవ్వు ఆపుకుంటుండు. పుట్టి ఒడ్డుకు లాగుతున్న ఒక తాత ఇదంత చూసి "గాలి యాడికెళ్లి వస్తుందో చూస్కో బిడ్డా, బరువుతోని అది ఎదురుగాలికే లేస్తది, నువ్వు ఎదురుగాలికి నిలబడితే తోక గాక ఏం కనబడ్తది" అన్నడు. నేను ఇన్నేండ్లు ఫోకస్ మోడ్‌లు, ఐఎస్‌ఓలు అని కెమెరా సెట్టింగుల ఎంబడే కొట్టుకున్న గాని గాలి సంగతి ఒక్కసారి ఆలోచించలే. పొద్దుగాల ఆ నల్లరెక్కల గద్ద గూడ గాలికి ఎదురుగనే నిలబడ్డది కదా. ఆ రోజు గాలి తూర్పు నుంచే, పొద్దుటెండ గూడ అటు నుంచే, తూర్పు ఒడ్డుకు పోయి నిలబడితే గాలి, ఎండ రెండూ వీపుకు తగుల్తయి, గద్ద మొఖం నా దిక్కు ఉంటది. పోయినం. తుమ్మ ముండ్లు చెప్పుల్లకెళ్లి దిగినయి, అది వేరే సంగతి.

షట్టర్ మళ్ల 1/2500, ఆకాశం తెల్లగుంటే పిట్ట నల్లగ వస్తది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచి, అంటే వెలుగు రెండింతలు చేసి పెట్టుకున్న. ఇంకో గంటకు మళ్ల దూకింది. ఈసారి చేప పెద్దది, రెక్కలు నీళ్ల మీద పరిచి క్షణం సేపు ఆగి, బలమంత పెట్టి లేచింది, సీదా మా మీదికే. గాల్లనే తడిసిన కుక్కలెక్క ఒళ్లు దులుపుకుంది, నీళ్ల తుంపర్లు ఎండల మెరిసినయి. కాళ్లల్ల చేపను తిప్పి తల ముందుకు పెట్టుకుంది, గాలి తక్కువ తగులాలె కదా. జిలేబి చేప. 41 కొడితే నాలుగు నిలిచినయి, ఒకదాంట్ల గద్ద కన్ను, చేప కన్ను రెండూ షార్ప్, ఎడమ రెక్క కొస కట్ అయింది. కట్ అయితే అయింది.

అక్కడ్నుంచి ఆత్మకూరు మీదుగా జూరాల పోయినం, నిజం చెప్తె చేపల ఫ్రై కోసం. డ్యామ్ కింద పారేసిన చేప పేగులకు గరుడ పక్షులు, మామూలు గద్దలు గుంపులు గుంపులు. తోక గుండ్రంగుంటే గరుడ, నడుమ చీలికుంటే మామూలు గద్ద. బావ గరుడను చూసి చెంపలేసుకున్నడు. ఇంకెవరో పిలగాండ్లు కోడితోళ్లు ఇసిరి ఫోటోలు తీస్తుండ్రు, అన్నీ దగ్గర్నే, అన్నీ మంచిగనే వస్తున్నయి. నేను గూడ పది కొట్టిన. ఇంటికొచ్చినంక డిలీట్ చేసిన, ఎందుకో మనసు ఒప్పలే.

చేనాయన ఫోటో మాత్రం ఆ రోజు తీసినవాట్ల అన్నిటికంటె మంచిగొచ్చింది. ప్రింట్ కొట్టిచ్చి బావ చేతికిచ్చి పంపిన. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "మీ సర్వేకు బెదిరి ఆ గద్ద వైరు మీదికే వస్తలేదు, ఎలుకలు మళ్ల ఎక్కువైనయని చెప్పు" అన్నడంట.