కొండ కనిపించిన సాయంత్రం

మార్చి 26, కిటాలే (కెన్యా)

పొద్దున లేస్తూనే పడమటి కిటికీ తీశాను. కొండ లేదు. పదకొండు రోజులుగా ఇదే వరస. 4,321 మీటర్ల ఎల్గాన్ పర్వతం ఎక్కడికీ పోదు కానీ, అది ఉండవలసిన చోట మజ్జిగ ఒలికినట్టు ఆకాశం. గాలిలో ఎంత మురికి ఉందో అంకెల్లో చూపించే బోర్డు ఈ ఊళ్లో నా కంటబడలేదు. అందుకే కొండే నా కొలత. నడుము దాకా కనిపిస్తే ఫరవాలేదు. అంచు మాత్రమే ఆనితే కిటికీలు మూయాలి. అసలే కనిపించకపోతే ముక్కుకు రుమాలు.

కిటాలే భూమధ్యరేఖకు కాస్త ఉత్తరాన, సుమారు 1,900 మీటర్ల ఎత్తున ఉంది. అంటే అరకుకు రెండింతలు. కెన్యాలో నేను ఎండకు మాడిపోతున్నానని మా బంధువుల బెంగ. నేనేమో తెల్లవారుజామున స్వెట్టర్ వేసుకుని టీ కాచుకుంటాను. చిక్కంతా ఆ చలితోనే. రాత్రికి నేల చల్లబడి, దాని మీది గాలి బరువెక్కి కదలదు. పొయ్యిల పొగ పైకి పోయే దారి లేక రేకుల కప్పుల మీద దుప్పటిలా పరుచుకుంటుంది. తొమ్మిదింటికి ఎండ పుంజుకున్నాక గానీ లేవదు. ఆ తర్వాత దుమ్ము వంతు. ఇక్కడివారు దుమ్మును వుంబి అంటారు, పొగను మోషి అంటారు. ఈ రెండు మాటలూ నాకు నమస్కారం కంటే ముందే వచ్చాయి.

ఇది మొక్కజొన్న సీమ. డిసెంబరు నుంచి ఈశాన్యపు పొడిగాలి వీస్తుంది. ఆ గాలిలోనే దుక్కులు దున్నుతారు, చేలగట్ల మీది చెత్త తగలబెడతారు. ట్రాక్టరు వెనకాల ఎర్రటి తోక లేస్తుంది. నేను లెక్కలు రాసే విత్తనాల దుకాణంలో ఉదయం బల్ల తుడిస్తే మధ్యాహ్నానికి దాని మీద వేలితో పద్దు రాయవచ్చు. ఈ రోజు జనం బాగా ఉన్నారు. సంచులు కొనుక్కుని వెళ్లకుండా, గుమ్మంలో నిలబడి ఆకాశం వంకే చూస్తున్నారు. మార్చి మూడో వారం దాటేసరికి సూర్యుడు నడినెత్తి మీదికి వచ్చేశాడు. ఇక వానల పట్టీ అతని వెంట రావాలి.

నాలుగింటికి వచ్చింది. ముందు గాలి దుమారం, తర్వాత రేకుల మీద వడగళ్లు, ఆ తర్వాత చెవులు మూసుకునేంత వాన. గుమ్మంలోని పెద్దాయన ఒకరు అరచెయ్యి చాచి తడిపి మొహానికి రాసుకున్నారు. గంటలో వెలిసింది. ఇంటికి నడిచి వస్తూ మలుపు తిరిగానో లేదో, ఎదురుగా కొండ! కోసుగా ఉండదు. పాత అగ్నిపర్వతం కదా, అరిగిపోయి, పడుకున్న గేదె వీపులా బారుగా ఉంటుంది. దాని మీది మడతలు కూడా లెక్కపెట్టవచ్చు. బురదలో అలాగే నిలబడిపోయాను.

చీకటి పడ్డాక పక్కింటి మామా పొయ్యి లోపలికి తెచ్చుకుంది. (ఇక్కడ మామా అంటే అమ్మ. పెద్ద బిడ్డ పేరు చేర్చి పిలుస్తారు. నాకు మాత్రం పిలిచిన ప్రతిసారీ మా మేనమామే గుర్తొస్తాడు.) ఆమెది డమరుకం ఆకారపు జికో. పైన రేకు, లోపల కాల్చిన మట్టి, అందులో బొగ్గులు. వేసవి అంతా వాకిట్లోనే వెలిగించేది, పొగ వీధి పాలయ్యేది. ఇప్పుడు వాన. బొగ్గు కూడా తడిసింది. కిటికీ మూసి, తలుపు చేరవేసి, ఉగాలి (మొక్కజొన్న పిండి ముద్ద) గట్టిపడేదాకా కలుపుతూ కూర్చుంది. బయట గాలి కడిగిన పళ్లెంలా ఉంది. గోడ అవతల పిల్లవాడు మాత్రం దగ్గుతున్నాడు. బొగ్గు బాగా రాజుకున్నాక పొగ కనిపించదు, కానీ కంటికి ఆనని విషవాయువు వస్తూనే ఉంటుంది; మూసిన గదిలో అప్పుడే ఇంకా ప్రమాదం.

తలుపు కొట్టి చెప్పాను. "కాస్త కిటికీ తీసి ఉంచు మామా" అని. "జల్లు కొడుతుంది, పిల్లవాడికి చలి" అంది. ఆమె మాటా నిజమే. చివరికి గాలివాటు లేని వైపు కిటికీని ఒక చెక్కముక్క అడ్డం పెట్టి జానెడు తెరిచాం.

రాత్రి అమ్మ ఫోను చేసింది. వాన పడిందంటే సంబరపడింది. పొయ్యి సంగతి చెబితే, "మనింట్లోనూ ఊదుగొట్టం పట్టుకుని నేను ఏడ్చింది కూరకు కాదు నాయనా, పొగకే. గ్యాసు వచ్చేదాకా నా కళ్లు అలాగే ఉండేవి" అంది. ఇన్నేళ్లలో ఆ సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

దండెం మీద తెల్ల చొక్కా మరిచిపోయాను. మొదటి చినుకులు గాలిలోని మట్టినంతా మోసుకొచ్చి దాని మీదే దించాయి. భుజాల నిండా ఎర్రటి చుక్కలు, కుంకుమ చల్లినట్టు. రేపు మళ్లీ ఉతకాలి.