మూస్తేగా తెరవడానికి

అమెరికాలో కొలరాడో కొండల్లో సైకిల్ తొక్కుదామని జూన్ మూడో వారంలో అక్కడి అటవీశాఖ ఆఫీసుకి ఫోన్ చేశాను. "మోలాస్ పాస్ నుంచి బోలమ్ పాస్ వైపు వెళ్లే ట్రైల్ తెరిచారాండీ?" అని అడిగితే ఫోనెత్తినావిడ నవ్వేసింది. "మేం మూస్తేగా తెరవడానికి! మంచు ఎంత ఉందని అడగండి, ఈ మధ్య ఎవరైనా వెళ్లొచ్చారా అని అడగండి" అంది. అడిగాను. ఎవరూ వెళ్లిరాలేదట. పైన మంచు ఎంత ఉందో చెప్పిన కబురు కూడా పది రోజుల నాటిదట. "నేనైతే ఇంకో మూడు వారాలు ఆగుతాను" అంది. మనం ఆగుతామా?

నేనుండేది డెన్వర్‌లో. సొంతూరు అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర. నాలుగేళ్ల కిందట మౌంటెన్ బైక్ కొన్నానని ఫోన్లో చెబితే మా అమ్మ మోటార్ సైకిలనుకుని రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. సైకిలే అని తెలిశాక "కారుంది గదరా, ఇంకా సైకిలేంది" అని వేరే దిగులు మొదలుపెట్టింది. డెన్వర్ నుంచి డురాంగో దాకా కొండల మీదుగా దాదాపు 500 మైళ్లు సాగే కొలరాడో ట్రైల్ అనే బాటని వీలున్నప్పుడల్లా ఒక్కో ముక్క తొక్కుతూ వస్తున్నాను. అందులో ఎన్నాళ్లుగానో కన్నేసిన ముక్క మోలాస్ పాస్ దగ్గర మొదలవుతుంది. సిల్వర్టన్ దాటాక హైవే 550 మీద వచ్చే కనుమ అది, 10,910 అడుగుల ఎత్తు. అక్కణ్నుంచి బాట ఇంకా పైకే పోతుంది. చెట్లు పెరగడం మానేసే ఎత్తు దాటి, ఒట్టి గడ్డినేల మీద మైళ్ల తరబడి ఉంటుంది.

నేను వేసుకున్న లెక్క ఇది. కొండల్లో మంచు కొలవడానికి స్నోటెల్ అని ప్రభుత్వం పెట్టిన యంత్రాలున్నాయి. పేరుకున్న మంచు కరిగితే ఎన్ని అంగుళాల నీళ్లవుతుందో చెబుతాయి. ఆ అంకెలు ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. మోలాస్ లేక్ దగ్గర ఒకటుంది. దాని గీత మే నెలంతా జారుతూ వచ్చి జూన్‌లో సున్నాని తాకింది. సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, సున్నా అంటే సున్నానే అనుకున్నాను. కానీ ఆ యంత్రం ఉన్నది ట్రైల్ పైభాగానికి వెయ్యి అడుగులకు మించి కింద. పైన ఉత్తరం వైపు తిరిగిన వాలు మీద ఎండ సరిగ్గా పడదు. పైగా చలికాలమంతా గాలి ఎక్కడెక్కడి మంచునో ఊడ్చుకొచ్చి అక్కడే పోస్తుంది. అదంతా యంత్రానికేం తెలుసు? నాకూ తెలియదు, అదీ గొడవ.

శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఏడు గంటలు కారు నడిపి, శనివారం తెల్లారేసరికి లిటిల్ మోలాస్ లేక్ దగ్గర సైకిల్ దించాను. మొదటి రెండు మైళ్లు పొడి నేలే. ఆఫీసావిడ ఊరికే భయపెట్టిందనుకున్నాను. తర్వాత అక్కడక్కడా తెల్ల మచ్చలు. ఇంకాస్త పైకి పోతే బాట అనేదే కనిపించలేదు, వాలు మొత్తం ఒకటే మంచు. పొద్దున్నే గట్టిగా గడ్డకట్టి ఉండడంతో పైన పైన సైకిల్ తోసుకుంటూ పోయాను. ఒకచోట టైరు గీత ఎర్రగా పడింది. చెయ్యి తెగిందేమో అని చూసుకున్నాను. తెగలేదు, మంచే లేత గులాబీ రంగులో ఉంది. మంచులో పెరిగే ఒక రకం నాచు వల్ల అలా అవుతుంది, ఇక్కడివాళ్లు పుచ్చకాయ మంచు అంటారు.

తొమ్మిదిన్నరకి ఎండ బలిసింది. అడుగు వేస్తే తొడదాకా దిగబడిపోయాను. కాలు పైకి లాగుతుంటే కింద గలగలమని నీళ్ల చప్పుడు వినిపించింది. నేను నిలబడింది వాగు మీద, మధ్యలో మంచు కప్పు ఒక్కటే అడ్డం. ఆ చప్పుడుకి ఒళ్లు ఎలా చల్లబడిందో ఇప్పటికీ గుర్తుంది. సైకిల్‌ని అడ్డంగా పడేసి, దాని మీద బరువు మోపి బయటికి పాక్కుంటూ వచ్చాను. పొద్దున గడ్డకట్టిన నేల తిరుగుదారిలో బురదైపోయింది. తొక్కితే టైరు అంగుళం లోతున దిగుతోంది. ఆ గాడిలోనే తర్వాత వాననీళ్లు పారి బాటని కోసేస్తాయి. అలాగని పక్కన గడ్డి మీద నడిస్తే బాట రెండు పాయలవుతుంది. ఆ ఎత్తులో వేసవి ఉండేదే కొన్ని వారాలు, చచ్చిన గడ్డి మళ్లీ మొలవడానికి ఏళ్లు పడుతుంది. సైకిల్ భుజానేసుకుని సరిగ్గా బురద మధ్యలోంచి ఒక మైలు నడిచాను. బూట్లు పారేయాల్సి వచ్చింది.

రెండోసారికి ఆగస్టు దాకా ఆగాను. ఈసారి ఐదు రోజులకోసారి వచ్చే సెంటినెల్ ఉపగ్రహం ఫొటోలు తెరిచి, వాలు మీది తెల్ల మచ్చలు వారం వారం ఎలా చిక్కిపోతున్నాయో చూశాను. ఆఫీసావిడ చెప్పిన ప్రశ్నలే డురాంగోలో ఒక సైకిల్ షాపు కుర్రాణ్ని అడిగాను. "మంచు లేదు, పడిపోయిన చెట్లు కోసేశారు, పన్నెండు లోపు దిగిపో" అన్నాడు. చివరి మాట ముఖ్యం. జూలై, ఆగస్టుల్లో అక్కడ దాదాపు రోజూ మధ్యాహ్నానికి ఉరుములొస్తాయి. చెట్టన్నది లేని గడ్డిమేట మీద అన్నిటికంటే ఎత్తుగా ఉండేది మనమూ మన సైకిలూ.

తోడుగా వస్తానన్న ఫ్రెండుది కరెంటు సైకిల్. ట్రైల్‌లో ఈ ముక్క మోటారు బళ్లకి నిషిద్ధం. అటవీశాఖ లెక్కలో బ్యాటరీ ఉంటే, మనం తొక్కినా తొక్కకపోయినా, అది మోటారు బండే. వాడు గంటసేపు వాదించాడు. వాదన అంతా నాతోనే, నేనేదో చట్టం చేసినట్టు. నిజానికి మామూలు సైకిలుకీ అన్నిచోట్లా దారి లేదు. మోలాస్ పాస్‌లో నిలబడి రోడ్డుకి తూర్పున చూస్తే పళ్లు బయటపెట్టినట్టుండే శిఖరాలు కనిపిస్తాయి. అది వెమినుచే వైల్డర్‌నెస్, అంటే ఉన్నదున్నట్టు వదిలేయాలని చట్టం కాపాడే అడవి. 1975లో ప్రకటించారు. 1964 నాటి చట్టం ప్రకారం అలాంటిచోట యంత్రంతో నడిచే రాకపోకలేవీ కుదరవు, సైకిల్ కూడా అందులోకే వస్తుంది. అందుకే కొలరాడో ట్రైల్ మొత్తం తొక్కేవాళ్లు అటువైపు అడవిని వదిలేసి మట్టిరోడ్ల మీద చుట్టూ తిరిగి సిల్వర్టన్ చేరతారు. రోడ్డుకి పడమటి వైపు మాత్రం మనకి అనుమతి ఉంది. ఇంకాస్త దక్షిణాన హెర్మోసా లోయని 2014లో వైల్డర్‌నెస్ చేసినప్పుడు, అంతా ఒకే గాటన కట్టకుండా కొంత భాగం వేరుగా ఉంచి, పేరున్న సైకిల్ బాటని కాపాడారు. కూర్చుని మాట్లాడుకుంటే అలా కూడా కుదురుతుందన్నమాట. మా వాడికి ఇదంతా చెబితే "అయితే నేను చెరువు దగ్గర పడుకుంటా" అన్నాడు.

ఆరుంపావుకి మొదలెట్టాను. ఎక్కుడు మొదట్లో చుట్టూ మొండి మోళ్లు, మధ్యమధ్యలో చిన్న చెట్లు. 1879లో కాలిన అడవి అది, 26 వేల ఎకరాలు. దాదాపు నూటయాభై ఏళ్లు గడిచినా, మొక్కలు నాటినా ఇంకా పూర్తిగా తేరుకోలేదు. జూన్‌లో ఈ మోళ్లు చూసి నిన్నోమొన్నో కాలిందనుకున్నాను. పైకి పోయాక బాట మూరెడు వెడల్పు, పక్కన నడుము ఎత్తు పూలు. పెడల్ పూలకి తగిలి బూట్ల నిండా పుప్పొడి. రాళ్ల ఎక్కుళ్లలో నాలుగు తొక్కులు తొక్కితే గుండె చెవుల్లో కొట్టుకునేది. డెన్వర్ ఎత్తుకు అలవాటుపడ్డానన్న ధీమా అక్కడ పనికిరాలేదు, దిగి తోశాను. సిగ్గేం లేదు, అందరూ తోస్తున్నారు.

పదిన్నరకి 12 వేల అడుగులు దాటే కనుమ ఎదురుగా కనిపించింది. దాని వెనకాల ఒక మబ్బు కూడా. చిన్నదే, కాలీఫ్లవర్ అంత. ఇరవై నిమిషాల్లో దాని అడుగు నల్లబడింది. జూన్‌లో అయితే "ఇంకొక్క అరగంటే కదా" అనుకునేవాణ్ని. వెనక్కి తిప్పేశాను.

దిగుతుంటే మలుపు తిరగ్గానే వాలు నిండా గొర్రెలు. వందల్లో ఉన్నాయి. వేసవిలో ఈ కొండల్లో పర్మిట్ తీసుకుని గొర్రెలు మేపుతారు. కాపలా కుక్కలుంటాయని బోర్డు చూశాను కూడా, ఫొటో తీసుకుని ఇంటికి పంపాను. ఇప్పుడు తెల్లగా దూడంత కుక్క ఒకటి మందలోంచి లేచి అరుస్తూ నా మీదికొచ్చింది. వెనకాల ఇంకోటి. నా చెయ్యి దానంతటదే నేలకి వంగబోయింది. మా ఊళ్లో కుక్క మీదికొస్తే వంగి రాయి తీసినట్టు నటిస్తే చాలు, పారిపోతుంది. ఈ జాతి పారిపోదు. తోడేళ్లనీ ఎలుగుల్నీ ఎదుర్కోవడానికి పెంచినవి, రాయి తీస్తే నేనూ ఆ జాబితాలో చేరిపోతాను. సైకిల్ మీద వేగంగా తప్పించుకోబోతే తరుముతాయి. దిగు, సైకిల్‌ని మధ్యలో అడ్డం పెట్టుకో, మెల్లగా మాట్లాడు, నడిచిపో. బోర్డు మీద అదే రాసుంది.

ఏం మాట్లాడాలో తెలియక "ఏం లేదు నాయనా, పోతా ఉండా, నీ గొర్రెలు నాకెందుకు" అన్నాను. మా తాత గొర్రెలున్న రోజుల్లో చేలో మంద వేసినప్పుడు వెంట వచ్చే కుక్కలతో అలాగే మాట్లాడేవాడు. కుక్క అరవడం ఆపలేదు గానీ మీదికి రాలేదు. అంతలో గుర్రం మీద ఒకాయన పైనుంచి దిగి ఈల వేశాడు. నాకొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కలతో "బ్యూనోస్ దియాస్" అన్నాను. ఆయన తన గుండె మీద వేలు పెట్టుకుని "పెరూ" అన్నాడు, నేను "ఇండియా" అన్నాను. "వీసా?" అన్నాను. మూడు వేళ్లు చూపించి "ట్రెస్ ఆన్యోస్" అన్నాడు. గొర్రెల కాపరుల్లాంటి వ్యవసాయ కూలీలకి హెచ్-2ఎ అని తాత్కాలిక వీసా ఉంటుంది, మహా అయితే మూడేళ్లు. నాదీ మూడేళ్ల హెచ్-1బి అని చెప్పడానికి భాష చాల్లేదు. మబ్బు వైపు చెయ్యి చూపించి, కిందికి పో అన్నట్టు ఊపాడు.

రెండో కుక్క మాత్రం నమ్మలేదు. పది గజాల దూరంలో అరమైలు వెంట వచ్చింది. ఒక వాగు దగ్గర ఆగి, నేను దాటేదాకా చూసి అక్కడే కూలబడింది. నేను అవతల సైకిలెక్కేసరికి మొదటి ఉరుము వినిపించింది. చెరువు దగ్గరికి వచ్చేటప్పటికి వడగళ్లు పడుతున్నాయి. మా వాడు కార్లోంచే అద్దం అంగుళం దించి అడిగాడు, "ఏరా, తెరిచుందా?"