మిర్చి యార్డులో నేర్చుకున్న ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్

నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాక, గుంటూరులో నేను పనిచేసే చిన్న సంస్థ మిర్చి రైతుల యాప్‌ను నా చేతిలో పెట్టింది. ప్రొడక్ట్ మేనేజర్ అన్న హోదా అయితే వచ్చింది గానీ, ఆ పని ఏమిటో చెప్పేవారు లేరు. చదవడం మొదలుపెట్టాను. ఒక్కో సబ్బు బ్రాండు బాగోగులు మొత్తం ఒకరే చూసుకోవాలని 1931లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో నీల్ మెకెల్‌రాయ్ ఒక మెమో రాశారు. ఈ ఉద్యోగానికి మూలం అదేనంటారు. రోడ్‌మ్యాప్ (ముందుముందు ఏం చేయాలన్న ప్రణాళిక), బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల జాబితా), స్ప్రింట్ (కొద్ది వారాల పని విడత) లాంటి మాటలు వారంలోనే వంటబట్టాయి.

రైతును అడగడం మాత్రం అంత త్వరగా రాలేదు.

మా యాప్‌లో ‘తేజ’, ‘341’ అనే మిర్చి రకాల ధరలు రోజూ పెట్టేవాళ్లం. రెండు వారాలు దాటాక దాన్ని తెరిచేవారు కరువయ్యారు. యార్డుకు వెళ్లి “ఇంకా ఏం కావాలండీ?” అంటే, “అంతా బాగుంది బాబూ” అనేవారు. అది మర్యాద కొద్దీ అన్న మాట. దాన్ని పట్టుకుని ఏ నిర్ణయం తీసుకోగలం?

ప్రశ్న మార్చాను. “కిందటిసారి సరుకు తెచ్చిన రోజు ఏం జరిగిందండీ?” ఒక పెద్దాయన చొక్కా జేబులోంచి చీటీ తీశారు. మడతల దగ్గర చిరిగి, అంచుల్లో ఎర్రబారి ఉంది. ముప్పై రెండు టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, కమీషన్, హమాలీ ఖర్చు. “ధర మా కమీషన్ వ్యాపారి ఫోనులోనే చెబుతాడయ్యా. ఆ రోజు యార్డు నిండిపోయింది. రెండు రాత్రులు బస్తాల మీదే పడుకున్నాను. ముందే తెలిస్తే లారీకి ఎత్తించేవాణ్ణే కాదు.”

ఆ మాట విన్నాక కూడా వెంటనే ఒక్క వరుస ప్రోగ్రాం రాయించలేదు. పదిహేను మంది రైతులకు రోజూ ఉదయం యార్డుకు ఎన్ని టిక్కీలు వచ్చాయో వాట్సాప్‌లో పంపాను. ఎరిక్ రీస్ 2011లో ప్రాచుర్యంలోకి తెచ్చిన ఎంవీపీ (మినిమమ్ వయబుల్ ప్రొడక్ట్), అంటే తక్కువ ఖర్చుతో ఊహను పరీక్షించుకోవడం, నాకు అర్థమైంది అప్పుడే. తొమ్మిదో రోజు గంట ఆలస్యమైతే ఆరుగురు ఫోను చేశారు. అంత సంతోషం జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు.

యాప్‌లో ఉన్న రుణాల లెక్క, వార్తలు తీసేద్దామంటే మా యజమాని ఒప్పుకోలేదు. నెలల శ్రమ అది, ఆయన బాధ న్యాయమే. ఆ ఆరు ఫోన్ల సంగతి చెప్పాక సరేనన్నారు. కల్లాల్లో కాయ తడిసే భయం ఉంది కాబట్టి వాతావరణం మాత్రం ఉంచాం.

ఇప్పుడు యాప్ తెరవగానే ఆ రోజు వచ్చిన టిక్కీల సంఖ్య కనిపిస్తుంది. ధరలు రెండో పేజీలో ఉన్నాయి.